బ్రాంద్ దారి వదలని అర్లెట్

రెజీస్ మలవాల్ జుట్టు సగం కత్తిరించి ఉండగా అర్లెట్ చేతిలో కత్తెర ఆగిపోయింది.

వంటింటి కిటికీ పక్కన, వెలుతురు పడేచోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడతను. మెడ చుట్టూ తువ్వాలు. ఎడమవైపు పని అయిపోయింది, చెవి బయటపడి ఎర్రగా మెరుస్తోంది. కుడివైపు జుట్టు ఇంకా కాలరు మీదికి వేలాడుతోంది. బల్ల కింద కుక్క పడుకుని ఉంది. వాన గురించీ దూడల గురించీ మాట్లాడుకోవడం అయిపోయాక, ఇంకేం మాటలు మిగలక, రెజీస్ ఆ సంగతి కూడా చెప్పేశాడు. బ్రాంద్ దారిని తనకు అమ్మమని మేయర్‌ని అడిగాడట. మేయర్ చూద్దామన్నాడట. ఆ దారి చేతికొస్తే అటు పొలం, ఇటు పొలం కలిసి ఒకే చెక్క అవుతుంది, ట్రాక్టరు తిప్పుకోవడం సులువు.

"ఏ దారి?" అంది అర్లెట్.

"బ్రాంద్‌కి ఎన్ని దారులున్నాయి వదినా? రోడ్డు కాక మిగిలింది అదొక్కటేగా. ఎవరూ తిరగనిది."

ఆమె కత్తెర తుడిచింది. దువ్వెన తుడిచింది. రెండూ తోలుసంచిలో పెట్టింది. తువ్వాలు తనది గనక రెజీస్ మెడలోంచి లాగి, గుమ్మంలో నిలబడి దులిపి, మడతపెట్టింది. ఏదో మరిచిపోయి బయటికి వెళుతోందనుకున్నాడతను. సైకిల్ గొలుసు చప్పుడు విన్నాక గానీ లేచి రాలేదు.

"మిగతా సగం?" అన్నాడు.

"మిగతా సగం మేయర్ చేత కత్తిరించుకో."

ఆ వారమంతా సెన్-ప్లాసిద్ ఊళ్ళో మరో కబురు లేదు. రెజీస్ టోపీని కనుబొమల దాకా లాక్కుని తిరిగాడు. నాదేజ్ నడిపే బార్‌లో మగవాళ్ళు గ్లాసులెత్తి, అటువైపు నుంచి చూస్తే పెళ్ళికొడుకులా ఉన్నావనీ, ఇటువైపు నుంచి చూస్తే నీ గొర్రెపొట్టేలులా ఉన్నావనీ ఏడిపించారు. చివరికి ఒబ్యుస్సోన్ పట్నం పోయి మిగతాది కత్తిరించుకున్నాడు. అక్కడి సెలూన్‌వాడు, మధ్యలో కరెంటు పోయిందా మెస్యూ అని అడిగాడట. ఆ మాట రెజీస్ కంటే ముందే ఊరు చేరింది.

అర్లెట్ షబ్రియా ఇప్పుడు లేదు. పోయిన ఫిబ్రవరిలో ఆసుపత్రి మంచం మీద పోయింది. మంచం మీద పోవడం ఆమెకు సుతరామూ నచ్చి ఉండదు. ఆమె గురించి ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే ఊరివాళ్ళు ఇప్పటికీ మొదట ఆ సగం తల కథే చెబుతారు. చెప్పి నవ్వి, గిన్నెడు కాఫీ పోసి, ఆవిడంతే, మొండిమనిషి అంటారు. మొండితనం నిజమే. కాని ఆ దారి ఆమెకు ఏమవుతుందో తెలిసినవాళ్ళు నవ్వడానికి ముందు కొంచెం ఆగుతారు.

ఆమె తాపీమేస్త్రీ కూతురు. పదహారో ఏట ఒబ్యుస్సోన్‌లో ఒక సెలూన్‌లో పనికి కుదిరి, జుట్టు ఊడవడంతో మొదలుపెట్టి, కత్తెర పట్టే దాకా వచ్చింది. సర్టిఫికెట్ పరీక్ష ఇంకా కొన్ని నెలలు ఉందనగా రోలాన్ మలవాల్‌ని పెళ్ళాడి బ్రాంద్‌కి కాపురానికి వచ్చింది. బ్రాంద్ అంటే నాలుగు రాతి ఇళ్ళు, వాటి వెనక కొట్టాలు, కొట్టాల వెనక చెస్ట్‌నట్ చెట్లు. ఆ రాతి ఇళ్ళలో పెద్దది మలవాల్ వాళ్ళది. అందులో అత్తగారు ఉండేది.

రోలాన్ చెడ్డవాడేం కాదు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాటే తన మాట అనే రకం. ఆ ఇంట్లో చివర మాట్లాడేది ఎప్పుడూ వాళ్ళమ్మే. మా ఇంటి కోడలు ఊరివాళ్ళ తలలు పట్టుకోవడమేమిటి అని అత్త కత్తెరని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆదివారం చర్చికి తప్ప సైకిల్ బయటికి తీయకూడదంది. పరీక్ష రోజు వచ్చి వెళ్ళిపోయింది. అర్లెట్ పాలు పితికింది, సూపు వండింది, అయిదేళ్ళు గడిపింది. ఒక మార్చి నెల పొద్దున బీరువా తలుపు బందులు ఊడదీసి కత్తెర తీసుకుంది. పెట్టె సైకిల్ క్యారియర్‌కి కట్టింది.

రోడ్డు మీద వెళ్ళాలంటే ప్రతి వంటింటి కిటికీ ముందునుంచి వెళ్ళాలి. కొట్టాల వెనకనుంచి మాత్రం పాత బండ్ల దారి ఉంది, అదే ఈ బ్రాంద్ దారి. రెండు పక్కలా నాచుపట్టిన రాతిగట్లు, పైన హేజెల్ చెట్ల కొమ్మలు, మధ్యలో కొంతమేర గట్లు లేక పొలాల నడుమ బయలుగా సాగి, మళ్ళీ చెట్లలోకి దూరి, సెన్-ప్లాసిద్ కూడలిలో తేలుతుంది. ఆ దారిలో వెళ్ళింది. సగం దూరంలో, సైన్యం నుంచి కొత్తగా ఇల్లు చేరిన మరిది ఆవుల్ని తోలుకొస్తూ ఎదురుపడ్డాడు. రెజీస్ పెట్టె చూశాడు, ఆమె మొహం చూశాడు. ఆవుల్ని గట్టువైపు నెట్టి దారి ఇచ్చాడు. ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పలేదు. ఆ మంచితనాన్ని అర్లెట్ మరిచిపోలేదు గనకే తర్వాత రోజుల్లో ఆ ఇంటి గడప తొక్కి అతని జుట్టు కత్తిరించింది. మరిచిపోలేదు గనకే ఆ రోజు అంత మండింది.

విడాకులు తీసుకున్న ఆడది ఆ కొండల్లో తల ఎత్తుకుని ఎలా తిరుగుతుందని అడిగినవాళ్ళకు ఆమె తిరిగి చూపించింది. కత్తెర సంచి భుజానికి తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి జుట్టు కత్తిరించేది. పట్నం దాకా పోలేని ముసలివాళ్ళు, కోతల రోజుల్లో ఇల్లు కదలలేని ఆడవాళ్ళు, మంచంపట్టినవాళ్ళు ఆమె కోసం ఎదురుచూసేవారు. చనిపోయినవాళ్ళకి ఆఖరిసారి దువ్వి పంపడానికి కూడా ఆమెనే పిలిచేవారు. మొదట సైకిల్ మీద, తర్వాత ఒక పాత వ్యాను మీద తిరిగింది. వ్యాను కొండ మధ్యలో ప్రాణం విడిచేనాటికి ఆమెకు అరవై దగ్గరపడుతోంది. ఇక ఇంటిపట్టున ఉంటుందిలే అనుకున్నారు అందరూ.

అప్పుడే నాదేజ్ బార్ గోడకి ఎవరో క్లెర్మోన్ పట్నం నుంచి వచ్చినవాడు తన సైకిల్ ఆనించి లోపల బీరు తాగుతున్నాడు. పందెం సైకిల్లా వంపు హ్యాండిల్, దానికి సరిపడని లావు టైర్లు. ఇది తారు మీద పరుగెడుతుంది, మట్టి మీదా కంకర మీదా కూడా పోతుంది, గ్రావెల్ సైకిలంటారు అని అతను చెప్పాడు. ఒక చుట్టు చర్చి చుట్టూ తొక్కి ఇస్తానంది అర్లెట్. బీరు అయిపోయింది, రెండో బీరు అయిపోయింది, చర్చి చుట్టూ ఎవరూ లేరు. అతను పోలీసులకి ఫోన్ చేయాలా అని నాదేజ్‌ని అడుగుతుండగా అర్లెట్ తిరిగొచ్చింది. మోకాళ్ళ దాకా బురద, జుట్టులో ఫెర్న్ ఆకులు. ఎక్కడ కొన్నావు బాబూ అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత ఆమె గీసిన సైకిల్ దారులన్నీ జుట్టు కత్తిరిస్తూ విన్న దారులే. నలభై ఏళ్ళుగా ఆ కుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్ళు, మెడ వంచుకుని, చెప్పడానికి ఇంకేమీ లేనప్పుడు, తాత మిల్లుకి ఏ గట్టు వెంట వెళ్ళేవాడో, తాము బడికి ఏ వాగు దాటి వెళ్ళేవారో చెప్పేవారు. ఆమె వాటిని వెతుక్కుంటూ వెళ్ళింది. ముళ్ళకంపలు కొడవలితో నరికింది. ఏ వాకిట్లోంచి పోనిస్తారో, ఏ కుక్క అరుస్తుందే తప్ప కరవదో, నవంబరులో ఏ పల్లంలో చక్రం ఇరుసు దాకా దిగుతుందో ఆమెకి తెలుసు. ఆ ముక్కలన్నీ కలిపి ఫోన్‌లో పటం మీద గీతలుగా గీసి, అందరికీ కనిపించేలా పెట్టింది. లిమోజ్ నుంచి, క్లెర్మోన్ నుంచి మనుషులు రావడం మొదలైంది. ఏటా సెప్టెంబరులో పుట్టగొడుగుల వేళకి పెద్ద సైకిల్ చుట్టు ఒకటి నడిపేది. మెరిసే బిగుతు బట్టల్లో వచ్చిన కుర్రకారు ముందు ఆమె తన సెలూన్ నీలం నైలాన్ కోటు వేసుకుని బయల్దేరేది. మొదటి ఎత్తు దాకా వాళ్ళకి నవ్వుగానే ఉండేది. ఎత్తు ఎక్కాక నవ్వడానికి ఊపిరి ఉండేది కాదు. చివర్లో నాదేజ్ కొట్టంలో బంగాళాదుంపలు పెట్టి కాల్చిన రొట్టె, చల్లని ఆపిల్ సైడర్, హేజెల్‌నట్ కేకు.

ఆ చుట్టు మొత్తానికి బ్రాంద్ దారే ముడి. అది తెగితే రెండు అడవుల మధ్య మిగిలేది జిల్లా రోడ్డు. దుంగలు మోసే లారీలు ఆ దిగుడులో ఆగమన్నా ఆగవు. అక్కడి ఒక మలుపు దగ్గర పూర్వం ఒక సైకిలతను పోయాడు. అక్కడికి మనుషుల్ని పంపే పని అర్లెట్ చేయదు. దారి పోతే చుట్టు పోయినట్టే.

సగం తల మర్నాడు ఆమె మేయర్ ఆఫీసుకి వెళ్ళింది. మేయర్ లాస్కూ మందుల షాపు నడిపిన మనిషి, మర్యాదస్తుడు, ఎవరితోనూ కాదనడం చేతగానివాడు. రెజీస్‌తోనూ చేతకాలేదు. ఆమెకు కుర్చీ చూపించి నెమ్మదిగా చెప్పాడు. పల్లెదారి ఊరి ఆస్తి. జనం వాడుతున్న దారిని ఊరు అమ్మకూడదు, వాడకుండా పడివున్నదాన్ని అమ్ముకోవచ్చు. వసంతంలో విచారణ పెడతారు, బయటినుంచి ఒక అధికారి వచ్చి చూసి, జనం చెప్పేది విని, అభిప్రాయం రాస్తారు. బదులుగా రోడ్డు అంచున ఒక గీత గీయించి సైకిల్ బొమ్మలు వేయిస్తానన్నాడు.

"లారీలకి బొమ్మలు చదవడం రాదు మేయర్ గారూ."

"మదామ్ షబ్రియా, మీ మంచికే చెబుతున్నాను. ఏడాదికొక్క ఆదివారం సంగతి వదిలేయండి. మిగతా రోజుల్లో ఆ దారిలో తిరిగేది మీరొక్కరే."

"అయితే నేనొక్కదాన్నే జనం," అని లేచింది అర్లెట్.

విచారణ దాకా ఆగే ఓపిక రెజీస్‌కి లేకపోయింది. అక్టోబరులో గట్లు లేని ఆ మధ్య భాగాన్ని రెండు పొలాలతో కలిపి దున్నేశాడు. దున్ని గడ్డివిత్తనం చల్లాడు. పొద్దున్నే అర్లెట్ వచ్చి చూస్తే చెట్లలోంచి వచ్చిన దారి నల్లటి చాళ్ళలో మునిగిపోయి, అవతల మళ్ళీ చెట్లలో తేలుతోంది. ఆమె సైకిల్ దిగలేదు. తొక్కగలిగినంత తొక్కింది, చక్రం కూరుకుపోయినచోట భుజానికెత్తుకుని నడిచింది. సాయంత్రం తిరిగి అదే గీత మీద వచ్చింది. మర్నాడూ అంతే. వాన పడితే వానలో. పని ఉన్నా లేకపోయినా వెళ్ళింది. ఆదివారాలు నాదేజ్ కూడా వచ్చేది, బార్ తాళం వేసి, తనకంటే బరువైన సైకిల్ తోసుకుంటూ, తిట్టుకుంటూ. నల్లటి దుక్కి మీద సన్నటి చక్రం చార కనిపించేది. రెజీస్ దంతె తోలి చెరిపేసేవాడు. తెల్లారేసరికి మళ్ళీ చార.

ఒక రోజు ట్రాక్టరు ఆపి దిగి వచ్చాడు.

"నా విత్తనం తొక్కుతున్నావు వదినా."

"నా దారిలో చల్లావు."

"నీ దారా? నువ్వు ఈ ఇల్లు వదిలి నలభై ఏళ్ళు దాటింది. ఇంకా నీకేం పని ఇక్కడ?"

"వదిలి ఎటు వెళ్ళాను?"

రెజీస్ బూటుతో ఒక మట్టిగడ్డ నలిపాడు.

"పెట్టె కట్టుకుని వెళ్ళాను కదా. నువ్వు ఆవుల్ని పక్కకి తోలావు. ఎవరూ తిరగని దారిలో మరి ఎవరికి దారి ఇచ్చావు రెజీస్?"

అతను చూపు తిప్పుకున్నాడు. అది పాత సంగతి, కాలం మారింది, ట్రాక్టర్లు పెద్దవైపోయాయి, ఒక్కో చెక్క దగ్గరా తిప్పుకోలేక చస్తున్నానన్నాడు. అదీ అబద్ధం కాదు. బ్రాంద్‌లో ఇప్పుడు పొగ వచ్చే పొయ్యిగొట్టం అతనిదొక్కటే. ఒంటిచేతి సేద్యం. అర్లెట్‌కి అది తెలుసు. తెలిసినా తగ్గలేదు.

"నీ ట్రాక్టరు నీ ఇష్టం. చిన్నది కొనుక్కో," అని భుజం మీద సైకిల్ సర్దుకుని చాళ్ళకి అడ్డంగా నడిచిపోయింది.

చలికాలంలో ఊరు రెండుగా చీలింది. నోటితో అందరూ అర్లెట్ వైపే. ఆమె కత్తెర కింద తల వంచినవాళ్ళు తప్పకుండా వచ్చి విచారణలో చెబుతామన్నారు. కాని గడ్డి చుట్టే యంత్రం ఆ చుట్టుపక్కల రెజీస్ ఒక్కడికే ఉంది, అడిగిన వాళ్ళందరికీ ఇస్తాడు, బాడుగ తీసుకోడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మార్చి వచ్చేసరికి అర్లెట్‌ని చూసి పలకరించేవాళ్ళు తమ మోకాలి నొప్పుల గురించి మాట్లాడసాగారు. విచారణ మాట ఎత్తితే వాన వస్తుందేమో అని ఆకాశం చూసేవారు. నాదేజ్ మండిపడింది. వాళ్ళ జుట్టు కూడా సగంలో వదిలేయమంది.

"వాళ్ళకి గడ్డి కావాలి, నాకు దారి కావాలి," అంది అర్లెట్. "వాళ్ళు రాకపోతే నేనే వాళ్ళ వంతు కూడా తొక్కుతాను."

ఏప్రిల్‌లో గడ్డి లేచింది. రెజీస్ ఎర్ర ఆవుల్ని అందులోకి వదిలి చుట్టూ కరెంటు తీగ కట్టాడు. పొలంలోకి దారి వచ్చేచోటా పోయేచోటా తీగ అడ్డంగా కూడా వచ్చింది. అర్లెట్ సైకిల్‌ని పడుకోబెట్టి తీగ కిందనుంచి తోసి, తాను పాకి అవతలికి చేరేది. వెన్ను మీద ఒకటి రెండుసార్లు చురుక్కుమంది. అరవై దాటిన ఒంటికి ఇదొక వైద్యమని నాదేజ్‌తో అంది. ఒకనాడు హ్యాండిల్ తీగకి తగులుకుని, లాగితే గుంజ ఊడి తీగ మొత్తం నేలకు జారింది. ఆమె చూసుకోలేదు. చెట్లలోకి వెళ్ళిపోయాక వెనకనుంచి గిట్టల చప్పుడు వినిపించింది. ఆవులు వరసగా జిల్లా రోడ్డు వైపు నడుస్తున్నాయి, దూడలు ముందు గెంతుతున్నాయి.

అర్లెట్ సైకిల్ తిప్పి అడ్డదారిన రోడ్డు చేరి, ముందుకెళ్ళి, మలుపు దగ్గర సైకిల్ని రోడ్డుకు అడ్డంగా పడేసి, నీలం కోటు విప్పి పైకెత్తి ఊపుతూ నిలబడింది. లారీ ఒకటి చక్రాలు కీచుమంటూ ఆగింది. డ్రైవరు కిందికి దిగి తిట్టిన తిట్లకి ఆమె తిరిగి తిట్టింది. ఈలోగా రెజీస్ కుక్కతో పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ చెరోవైపునుంచి అదిలించి, చేతులు చాచి, ఒకరికొకరు అటు, ఇటు అని అరుచుకుంటూ మందని మళ్ళీ పొలంలోకి చేర్చారు. రెజీస్ గుంజ పాతి తీగ బిగించాడు. అర్లెట్ తీగ పట్టుకుంది. పని అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

మర్నాడు ఆమె వచ్చేసరికి దారికి అడ్డుపడిన రెండుచోట్లా తీగలో కొత్తగా ఒక్కో పసుపురంగు ప్లాస్టిక్ పిడి వేలాడుతోంది, లోపల స్ప్రింగు ఉన్నది. పిడి పట్టుకుని కొక్కెం తప్పిస్తే తీగ తెరుచుకుంటుంది, దాటాక మళ్ళీ తగిలించాలి. ఆవుల పొలాల్లో ఎవరైనా చేసే పనే. ఆమె తెరిచింది, దాటింది, మూసింది. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి. దాని గురించి అతనూ ఆలోచించలేదు, ఆమె కూడా ఆలోచించలేదు.

విచారణ అధికారిణి మదామ్ విదలాంక్ మే నెలలో వచ్చింది. పొట్టిగా, రబ్బరు బూట్లలో, అందరికంటే ముందు నడిచే మనిషి. మేయర్ ఆఫీసులో పొద్దున్నంతా కూర్చుంది. చెప్పడానికి వచ్చినవాళ్ళు ఒక గుప్పెడు. క్లెర్మోన్ సైకిల్ వాళ్ళు కొందరు రాసి పంపారు. వాళ్ళు ఈ ఊరివాళ్ళు కాదు కదా అని మేయర్ మెల్లగా గుర్తుచేశాడు. మధ్యాహ్నం దారి చూడటానికి బయల్దేరారు. మేయర్, రెజీస్, అర్లెట్, నాదేజ్ వెనక నడిచారు.

చెట్లలోంచి బయటికి రాగానే అర్లెట్ అడుగు ఆగిపోయింది. వారం రోజుల వానకి ఆవులు ఆ భాగమంతా తొక్కి గిట్టల గుంటలు చేశాయి. చలికాలమంతా వేసిన చక్రం చార ఎక్కడా లేదు. పచ్చిక, పేడ, గుంటలు, అంతే. దారి ఉండేదని ఒట్టేసి చెబితే తప్ప నమ్మేలా లేదు.

"చూశారుగా మదామ్," అన్నాడు లాస్కూ నొచ్చుకుంటున్నట్టుగా. "మేము చెప్పిందే. ఇది పచ్చిక మైదానం."

రెజీస్ నేల చూస్తున్నాడు. గెలిచినవాడి మొహంలా లేదది.

మదామ్ విదలాంక్ తీగ దాకా వెళ్ళి, పసుపు పిడి తప్పించి, అందర్నీ దాటనిచ్చి, మళ్ళీ తగిలించింది. తగిలించాక చెయ్యి తీయలేదు. పిడి వైపు చూసింది. పొలం అవతలి చివర, చెట్లు మొదలయ్యేచోట రెండో పసుపు పిడిని చూసింది.

"మెస్యూ మలవాల్, మీరు ఈ పొలంలోకి ట్రాక్టరు ఎటునుంచి తెస్తారు?"

రోడ్డు వైపు పెద్ద గేటు ఉందని చూపించాడు.

"ఆవుల్ని?"

"వాటినీ అటునుంచే."

"మరి ఇవి?"

ప్రశ్న రెజీస్‌కి వింతగా తోచింది. ఆవులున్న మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదది.

"వచ్చేపోయేవాళ్ళ కోసం. అవి లేకపోతే తీగ ఎవరో ఒకరు పడేస్తారు, ఆవులు రోడ్డెక్కుతాయి. మొన్న ఎక్కాయి కూడా."

అన్నాక విన్నాడు తన మాట. మేయర్ కళ్ళు మూసుకున్నాడు. నాదేజ్ నవ్వు ఆపుకోలేక దగ్గింది. మదామ్ విదలాంక్ పిడి వదిలేసి, పచ్చికలో గిట్టల గుంటలు దాటుకుంటూ, అవతలి పిడి దాకా తిన్నగా నడిచింది. దాన్నీ తెరిచి, దాన్నీ మూసింది.

రెజీస్ ఆ మాట వెనక్కి తీసుకోవచ్చు. పుట్టగొడుగులు ఏరేవాళ్ళ కోసమనో, వేటగాళ్ళ కోసమనో సర్దుకోవచ్చు. మేయర్ అతని చెవిలో అదే చెప్పాడు కూడా. రెజీస్ తల అడ్డంగా ఊపాడు. అన్నది అన్నాను, పిడి నేనే పెట్టాను అన్నాడు. అర్లెట్ ఆ మాట విన్నది. తర్వాత చాలా ఏళ్ళు అతని గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఊరుకునేది కాదు. తానే తిట్టేది, ఇంకొకరిని తిట్టనిచ్చేది కాదు.

అధికారిణి అమ్మకం వద్దని రాసింది. జూన్‌లో పంచాయతీ సభ కూర్చుంది. కొందరు ఇంకా అటూ ఇటూ ఊగారు. లాస్కూ మాత్రం ఎప్పుడూ లేనిది గట్టిగా, అమ్మేది లేదు, ఈ సంగతి ఇంతటితో సరి అన్నాడు. ఆ రాత్రికే అర్లెట్ ఇంటి వాకిట్లో ఎవరో గుడ్ల బుట్ట పెట్టి వెళ్ళారు. ఎవరో ఆమెకి తెలుసు. విచారణకి రానివాళ్ళే. గుడ్లు వండుకుని తింది. పలకరించలేదు.

సెప్టెంబరులో పెద్ద చుట్టు అదే దారిలో వెళ్ళింది. పొద్దుటి మంచులో బిగుతు బట్టలవాళ్ళు వరసగా పసుపు పిడి దగ్గర ఆగి, ఒకరు తెరిచి, చివరివాడు మూసి, అటు దాటారు. మూయడం మరిచినవాణ్ణి అర్లెట్ కేకేసి వెనక్కి పిలిచి మూయించింది.

ఒకసారి గెలిస్తే సరిపోదని ఆమెకి తెలుసు. చలికాలం రాగానే మళ్ళీ రోజూ తొక్కసాగింది. కాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, డాక్టరు ఇక చాలన్నాడు. మీ తాత బడికి ఏ దారిన వెళ్ళేవాడో మీకు తెలుసా డాక్టరు గారూ అని అడిగింది. ఆయనకి తెలియదు. ఆ మాట పట్టుకుని మాట మార్చేసింది.

మరుసటి శరత్కాలంలో రెజీస్ ఆ పచ్చికని తిరగదున్నే వేళ వచ్చింది. అర్లెట్ చెట్లలోంచి బయటపడేసరికి ట్రాక్టరు ఆ చివరనుంచి వస్తోంది. ఆమె ఆగింది. ట్రాక్టరు దారి అంచుకి రాగానే నాగలి పళ్ళు పైకి లేచాయి. తడిమట్టి రాలుస్తూ, పచ్చికను తాకకుండా, ఆ వెడల్పంతా గాల్లోనే దాటి, అవతలి అంచు తగలగానే మళ్ళీ నేలలోకి దిగాయి. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. నల్లటి దుక్కి మధ్యన పచ్చటి పట్టీ ఒకటి చెట్లనుంచి చెట్లదాకా మిగులుతోంది.

చాలాసేపు చూసింది. తర్వాత సైకిల్ తోసుకుంటూ పచ్చటి పట్టీ మీద నడిచి, ఒకచోట ఆగి, వంగి నేల చూసింది. సైకిల్ని అక్కడే అడ్డంగా పెట్టి నిలబడింది. రెజీస్ దగ్గరికొచ్చి ఇంజను ఆపాడు.

"మళ్ళీ ఏమిటి వదినా?"

"ఇక్కడ జానెడు లోపలికి వచ్చావు."

రెజీస్ దిగి వచ్చి చూశాడు. తన బూటుతో కొలిచాడు. అటూ ఇటూ చూసి, ఎవరినో ఏదో తిట్టుకుని, మళ్ళీ ట్రాక్టరెక్కాడు. ఇంజను మొదలుపెట్టి వెనక్కి పోనిచ్చాడు.

"ఇంకొంచెం," అంది అర్లెట్, చేత్తో చూపిస్తూ. "ఇంకొంచెం వెనక్కి."